నిజం చెప్పబోతే మజ్జిగ

ప్లీడరుగారు పోయారని తెలిసినప్పుడు నా నోట మొదట వచ్చిన మాట 'అయ్యో' కాదు. 'తప్పించుకున్నారు' అన్నాను. పక్కన టీ తాగుతున్న వెల్డింగతను ఉలిక్కిపడి, "ఎవరు, జైల్లోంచా?" అన్నాడు.

"కాదు, నన్ను జైల్లోకి పోకుండా చూసినాయన" అన్నాను.

ఆయన నన్ను కాపాడారు, కాదనను. కాకపోతే తొమ్మిదేళ్లపాటు ఒక్కటంటే ఒక్క మాట ఆయన చెవిన వేద్దామని తిరిగాను. తొమ్మిదేళ్లూ ఆయన ఆ చెవి నాకు అందనివ్వలేదు. చివరికి రెండు చెవులూ భద్రంగా పట్టుకుని పైకి వెళ్లిపోయారు. ఒళ్లు మండదా మరి?

నేను ఆటోనగర్‌లో లారీలకి బ్రేకుల పని చేస్తాను. ఏడో తరగతిలో నేను బడి మానేశానని మా ఇంట్లో చెప్పుకుంటారు. బడే నన్ను మానేసిందని మా మాస్టారు చెప్పేవారు. ఎట్టా అయితేనేం, చేతికి పని దొరికింది. నోటికి ఎప్పుడూ దొరుకుతూనే ఉంది. ఆ నోటివల్లే వచ్చింది తంటా అంతా.

తొంభైల మధ్యలో ఒకరోజు పొద్దున్నే ఒక లారీ వచ్చింది. కుడివైపు ముందు చక్రం బ్రేకు పని. గాలి ఒత్తిడికి ఒక కడ్డీ ముందుకొచ్చి బ్రేకుని పట్టిస్తుంది. ఆ కడ్డీని బ్రేకుతో కలిపేది ఒక లావుపాటి పిన్ను. అది జారిపోకుండా దాని చివర చిల్లులో ఒక సన్నటి స్ప్లిట్ పిన్ను దూర్చి, దాని రెండు కాళ్లూ చెరో పక్కకి వంచాలి. చూడ్డానికి ఆడవాళ్ల జడపిన్నులా ఉంటుంది. పదిటన్నుల బండి దాని మీద ఆధారపడి ఉంటుందంటే ఎవరూ నమ్మరు. లారీ కింద పడుకున్నవాడికి రెండు చేతులూ ఖాళీ ఉండవు గనక మేమంతా ఆ స్ప్లిట్ పిన్నుని పెదాల మధ్య పెట్టుకుంటాం. అందుకే ఆటోనగర్‌లో ఎంతటి వాగుడుకాయ అయినా బ్రేకు బిగించేటప్పుడు మౌనవ్రతం పాటిస్తాడు.

నేను తప్ప. ఆ రోజు పక్క షాపులోంచి ఎవరో, "ఏం మస్తానూ, పొద్దుట్నించీ లారీ కిందే ఉన్నావ్, మీ ఆవిడ ఇంట్లోకి రానివ్వట్లేదా?" అని అరిచారు. అంత మాట పడ్డాక ఊరుకుంటే నేను మస్తాన్ని ఎట్టా అవుతాను? పిన్ను నోట్లోంచి తీసి, "రానిస్తోంది గానీ అక్కడ ఇంత చల్లగా ఉండదబ్బాయ్!" అన్నాను. నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆ పిన్ను చిల్లులోకి వెళ్లిందా, నా చొక్కా జేబులోకి వెళ్లిందా?

నాలుగోరోజున ఆ లారీ హనుమాన్ జంక్షన్ దగ్గర, రోడ్డు వారన సైకిలు మీద పోతున్న ఒక పెద్దాయన్ని కొట్టేసింది. ఆయన అక్కడికక్కడే పోయారు. డ్రైవరు సాంబయ్య మొదట్నుంచీ ఒకటే మాట చెప్పాడు, బ్రేకు కొడితే బండి ఎడమపక్కకి లాగేసిందని. కుడి చక్రానికి బ్రేకు పట్టకపోతే బండి ఎడమకే లాగుతుంది. అది నాకు నా పేరు తెలిసినంత బాగా తెలుసు. బ్రేకు ఇన్‌స్పెక్టరు లారీని చూసి, కుడి ముందు చక్రం దగ్గర పిన్నులు లేవని రాశారు. నిర్లక్ష్యంతో మనిషి చావుకి కారణమయ్యారని కేసు. మొదటి ముద్దాయి సాంబయ్య, రెండో ముద్దాయి నేను.

ఆ వారంలోనే మా ఆవిడ బట్టలు ఉతుకుతూ నా చొక్కా జేబులోంచి ఒక స్ప్లిట్ పిన్ను తీసి గుమ్మం మీద పెట్టింది. అది ఆ పిన్నేనా? పిన్ను లేని జేబు నాకు ఏ చొక్కాకి ఉంది గనక? ప్లీడరుగారికి నేను చెప్పాలనుకున్న నిజం మొత్తం ఇంతే. పెట్టానో లేదో నాకు గుర్తు లేదు.

ప్లీడరుగారిది గవర్నరుపేటలో మేడ మీద ఇల్లు, ముందు గదే ఆఫీసు. మనిషి పొట్టి. నడక ఎంత జోరంటే నల్లకోటు ఆయనకన్నా ఒక అడుగు వెనక వచ్చేది. మెడకి కట్టుకునే తెల్ల బ్యాండు కళ్లజోడు డబ్బాలో పెట్టేవారు. కళ్లజోడేమో కుర్చీలో పెట్టేవారు. తర్వాత ఆ కుర్చీలో తనే కూర్చునేవారు. కోర్టులో ఎదుటి సాక్షి సాక్ష్యం విరిచినన్నిసార్లు ఇంట్లో కళ్లజోడు విరిచారు.

మొదటిరోజు వెళ్లి నుంచున్నాను. "పేరు?" అన్నారు.

"మస్తానండి. అసలు జరిగిందేంటంటేనండీ..."

ఆయన రెండు అరచేతులూ చెవులకి గట్టిగా అదుముకుని లోపలికి కేకేశారు. "ఏమోయ్! మజ్జిగ!"

అమ్మగారు గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టారు. గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నవాడు మాట్లాడలేడు కదా, అదీ కిటుకు. తాగడం అయ్యాక ప్లీడరుగారు చెవుల మీద నుంచి చేతులు తీశారు.

"నువ్వు చేశావా లేదా అని నిన్ను నేను అడిగానా?"

"లేదండి."

"అడగందే చెప్పేవాణ్ణి ఏమంటారు?"

"మంచివాడంటారండి."

"ముద్దాయి అంటారు. తాగావుగా, ఇంకో గ్లాసు తాగు."

వాయిదా వాయిదాకీ ఇదే తంతు. నేను 'అసలు' అనగానే మజ్జిగ. 'ఆ రోజు' అన్నా మజ్జిగ. నెల రోజులు తిరిగేసరికి అమ్మగారికి నా మొహం చూడగానే తెలిసిపోయేది. గుమ్మంలోనే గ్లాసుతో ఎదురొచ్చి, "ఇవాళ నిజం చెప్పేట్టున్నావే, ముందు ఇది తాగు" అనేవారు. అందులో కరివేపాకు, అల్లం బాగా పడేవి. అది వేరే సంగతి.

ఆయన భాషలో వాక్యానికి చివర చుక్క ఉండదు, ప్రశ్నార్థకమే. వంకాయల బండి దగ్గర నిలబడి, "ఇవి పొద్దున కోసినవేనంటావ్. కోసేటప్పుడు నువ్వక్కడ ఉన్నావా?" అని అడిగేవారు. బండివాడు లేననేవాడు. "మరి నీకెట్టా తెలుసు?" "మా బావ చెప్పాడండి." "అయితే నీకు తెలియదు. మీ బావకి తెలుసు. మీ బావని రేపు తీసుకురా." ఆ వీధిలో బండ్లవాళ్లు ఆయన్ని చూడగానే వంకాయలు వాడిపోయాయని వాళ్లే ముందు ఒప్పేసుకునేవారు. ఎన్ని అడిగినా 'ఎందుకు' అని మాత్రం ఎవర్నీ అడిగేవారు కాదు. ఒకసారి నేను అడిగితే చెప్పారు. "ఎందుకు అంటే అవతలివాడు చెప్పేస్తాడయ్యా. చెప్పేస్తే మనకి తెలిసిపోతుంది. తెలిసినదాన్ని మళ్లీ తెలియకుండా చెయ్యడం ఎవరి తరం?"

ఒక ఆదివారం చెప్పాపెట్టకుండా ఆటోనగర్ వచ్చారు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా. "లారీ బ్రేకు చూపించు" అన్నారు. పైనుంచి చూపిస్తే ఒప్పుకోలేదు. గోనెసంచి పరుచుకుని లారీ కిందకి దూరారు. చుట్టుపక్కల షాపులవాళ్లంతా పనులు మానేసి వంగి చూడ్డం మొదలెట్టారు.

"ప్లీడరుగారూ, కిందే ఆఫీసు పెట్టేస్తారా ఏంటి?" అని ఒకడు. "బోర్డు ఎక్కడ తగిలించమంటారు?" అని ఇంకొకడు.

ఆయన ఇవేవీ పట్టించుకోలేదు. పూటంతా నాచేత పిన్ను తీయించి, పెట్టించి, మళ్లీ తీయించి, ప్రతిదానికీ ప్రశ్న. "చెడిపోయిన లారీని లాక్కెళ్లాలంటే గొలుసు ఎక్కడ కడతారు? ఏ పక్క? ఆ గొలుసు దీనికి తగులుతుందా? తగిలితే ఏమవుతుంది?" నేను ఎనిమిదేళ్లలో నేర్చుకున్నది ఆయన ఒక్క పూటలో లాగేశారు. అంత శ్రద్ధగా వినే మనిషి దొరికాడు కదా, పైగా తలకాయ రెండు చక్రాల మధ్య ఇరుక్కుని ఉంది, చేతులకి గ్రీజు, చెవులు మూసుకోలేరు. ఇదే అదను అనుకుని, "సార్, ఆ రోజు ఈ పిన్ను నోట్లో పెట్టుకుని..." అన్నాను.

లారీ కింద నుంచి ఒక్కసారిగా గొంతు లేచింది. "పదమూడు ఒకట్ల పదమూడు! పదమూడు రెళ్లు ఇరవయ్యారు!"

పదమూడో ఎక్కం పదింతల దాకా చదివారు. నేను నోరు మూసేదాకా పద్నాలుగో ఎక్కం కూడా ఎత్తుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. ఆటోనగర్ అంతా విరగబడి నవ్వింది. నాకు మాత్రం స్పానర్ విసిరి కొట్టాలనిపించింది. జోకులేసే హక్కు నాది కదా, ఈయనెవరు మధ్యలో?

కేసు గన్నవరం కోర్టులో మూడేళ్లు నడిచింది. వరండా బెంచీ మీద కూర్చోబెట్టి నాకు ఒకే ఒక్క ఆజ్ఞ వేసేవారు. "జోకులెయ్యకు. పోయింది ఒక మనిషి. నువ్వు నవ్విస్తే అమాయకుడివి కాబట్టి నవ్విస్తున్నావని ఎవరూ అనుకోరు." ఆ మాట మాత్రం సరిగ్గా తగిలింది. మూడేళ్లు ఆ బెంచీ మీద నేను నా జీవితంలో ఎప్పుడూ లేనంత బుద్ధిగా కూర్చున్నాను. అవతలి చివర సాంబయ్య కూర్చునేవాడు. అతనికి వేరే ప్లీడరు. ఆ ప్లీడరు వాయిదాకి రావడమే ఒక వార్త.

బ్రేకు ఇన్‌స్పెక్టరు సాక్ష్యం చెప్పిన రోజు బాగా గుర్తు. లారీకి పిన్నులు లేవని ఆయన గట్టిగా చెప్పారు. మా ప్లీడరుగారు లేచారు. కోటు ఒక క్షణం తర్వాత లేచింది.

"మీరు లారీని చూసింది ఎన్నో రోజున?"

"ప్రమాదం అయిన మూడో రోజండి."

"ఎక్కడ?"

"పోలీస్ స్టేషను ఆవరణలో."

"జంక్షన్ నుంచి అక్కడిదాకా లారీ నడిచొచ్చిందా?"

"లేదండి. లాక్కొచ్చారు."

"దేనితో?"

"గొలుసుతో."

"గొలుసు ఏ పక్క కట్టారో మీ కాగితంలో రాశారా?"

ఇన్‌స్పెక్టరు కాగితం తిరగేశారు. "ముందు ఇరుసుకి, కుడిపక్కన అని ఉందండి."

"గొలుసు కట్టకముందు ఆ పిన్నులు ఉన్నాయా లేవా, మీరు చూశారా?"

"నేను అప్పుడు లేనండి."

"అంతేనండి" అని కూర్చున్నారు. ఈసారి కళ్లజోడు మీద కూర్చోలేదు.

ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. అందులో ప్రతి ప్రశ్నా నేను లారీ కింద చెప్పిందే. నాకు ఒక పక్క గర్వం, ఇంకో పక్క దిగులు. ఎందుకంటే గొలుసుకి ఊడి ఉండచ్చు అని ఆయన చూపించారు గానీ, గొలుసుకే ఊడిందని ఎవరికి తెలుసు?

చివర్లో జడ్జిగారు ముద్దాయిని నేరుగా అడుగుతారు. దానికి ప్లీడరుగారు నాకు నెల రోజులు తర్ఫీదు ఇచ్చారు. ఏం అడిగినా 'అబద్ధమండి' అనాలి. ముందు అక్షరం లేదు, వెనక అక్షరం లేదు. ఇంట్లో మా ఆవిడ అన్నం పెట్టనా అంటే అబద్ధమండి అనేంత వరకూ వచ్చింది వ్యవహారం.

"నువ్వు పిన్ను బిగించలేదని సాక్ష్యం వచ్చింది. ఏమంటావు?" అన్నారు జడ్జిగారు.

మంచి మనిషిలా అడిగారు. మూడేళ్లలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి. నా నోరు దానంతటదే తెరుచుకుంది. "అయ్యా, అసలు..."

ధడేలుమని చప్పుడు. మా ప్లీడరుగారి చేతిలోని లావుపాటి పుస్తకం కింద పడింది. ఆయన వంగి తీసుకుంటూ బల్ల కింద నుంచి నా వైపు చూసిన చూపుకి, మజ్జిగ లేకుండానే నా గొంతు మూతపడింది.

"అబద్ధమండి" అన్నాను.

నన్ను వదిలేశారు. సాంబయ్యకి ఆర్నెల్లు పడింది. పిన్ను గొలుసుకి ఊడి ఉండచ్చంటే బ్రేకు బాగున్నట్టే కదా. బ్రేకు బాగుంటే తప్పు తొక్కినవాడిదే కదా. లెక్క అంత సులువుగా తేలిపోయింది. వరండాలో సాంబయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. కోపంగా కాదు.

"ఎడమకి లాగింది మస్తానూ, నిజంగా లాగింది. నిద్రపోయి గుద్దేశానంటన్నారు. మా ఆడది కూడా అదే అనుకుంటంది" అన్నాడు.

ప్లీడరుగారు నా చొక్కా పట్టుకుని, "పద, బస్సొచ్చేసింది" అని లాక్కెళ్లారు. బస్సులో కూర్చున్నాక అన్నాను.

"సార్, ఆ సాంబయ్య..."

"సాంబయ్య నా కక్షిదారా?"

"కాదండి."

"నా కక్షిదారు ఎవరు?"

"నేనండి."

"నువ్వెక్కడికి పోతున్నావ్?"

"ఇంటికండి."

"మరి?"

అని కిటికీ వైపు తిరిగి, రామవరప్పాడు వచ్చేదాకా నిద్ర నటించారు. బస్సులో మజ్జిగ దొరకదు కాబట్టి.

సాంబయ్య జైలుకెళ్లొచ్చాడు. లైసెన్సు పోయింది. జంక్షన్‌లో కొబ్బరిబోండాలు అమ్ముకుంటున్నాడని విన్నాను. ఆ రూట్లో బండి ట్రయలు వెయ్యాల్సి వస్తే నేను గుడివాడ వైపు వేసేవాణ్ణి.

కేసు అయిన ఏడాదికి ప్లీడరుగారు ఒక పాత తెల్ల అంబాసిడరు కొన్నారు. సరే, బ్రేకులకి నా దగ్గరకే వస్తారుగా, ఆ వంకన రెండు చెవులూ నా షాపుకే నడిచొస్తాయి అనుకున్నాను. ఒకరోజు కారు వచ్చింది. నా షాపు ముందు రెండుసార్లు హారన్ కొట్టి, చెయ్యి ఊపి, రెండు వీధుల అవతల ఇంకో షాపుకి వెళ్లింది. ఆ తర్వాత ప్రతి మూడు నెలలకీ అదే వరస. హారన్, చెయ్యి, పక్క షాపు. ఆటోనగర్‌లో గుసగుసలు మొదలయ్యాయి. "కోర్టు వదిలేసింది గానీ, కేసు గెలిచినాయనే వీడి చేతికి బండి ఇవ్వట్లేదంటే..." అని. నిజం చెప్పాలంటే అదే మాట నాకూ నిద్రలో కూడా వినపడేది. మూడేళ్లు వెంట ఉన్న మనిషి నన్ను నమ్మలేదన్నమాట.

ఓపిక నశించి ఇంటికి వెళ్లాను. అమ్మగారు గ్లాసుతో సిద్ధం. "ఇవాళ నిజం కాదమ్మా, తగాదా" అన్నాను. గ్లాసు పక్కన పెట్టారు.

"సార్, మీ కారు నా దగ్గరికి ఎందుకు తీసుకురారు?" అన్నాను.

ఆయన మొహం చిట్లించారు. "ఎందుకు అని అడగద్దని నీకు చెప్పానా లేదా?"

ఆయన జవాబు చెప్పకముందే అమ్మగారు అందుకున్నారు. "నీ ఒక్కడితోటే అనుకుంటున్నావా నాయనా? నెయ్యి కల్తీ కేసు గెలిచారు, ఆ కొట్టు మాకు బందయింది. టైలరు ఎవర్నో కొట్టాడన్న కేసు గెలిచారు, అప్పట్నుంచీ జాకెట్టు ముక్క పట్టుకుని ఏలూరు పోతున్నాను. ఇంకో నాలుగు కేసులు గెలిచారంటే మేం ఊరే మారాలి."

"నమ్మకం లేకనా సార్?" అన్నాను.

ఆయన చాలాసేపు పెన్ను మూత పెట్టి తీశారు. ఆ మనిషి ఒక్క ప్రశ్నా లేకుండా వరసగా అన్ని వాక్యాలు మాట్లాడగా నేను విన్నది అదొక్కసారే.

"నీ చేత బ్రేకు వేయించాననుకో. రెండేళ్లకి అది ఊడిందనుకో. నాకు తెలిసిపోతుంది. ఊడలేదనుకో, అప్పుడూ తెలిసినట్టే అనిపిస్తుంది. నా కక్షిదార్ల సంగతి నాకు ఏ పక్కా తెలియకూడదు మస్తానూ. తెలిస్తే రేపు ఇంకొకడి పక్కన నిలబడి నోరు విప్పలేను."

"నాకు తెలియకుండా నేనెట్టా బతకాలి సార్? నేను ఆ రోజు..."

"ఏమోయ్! మజ్జిగ!"

"మీరూ మీ మజ్జిగా!" అని తాగకుండా వచ్చేశాను. ఆయనతో నా ఆఖరి సంభాషణ అదే. మర్యాదగా ముగించి ఉండాల్సింది. ఆయన ముగించనిస్తేగా!

ఆయన పోయిన రెండు నెలలకి తెల్ల అంబాసిడరు మళ్లీ మా వీధిలోకి వచ్చింది. హారన్ కొట్టలేదు. నేరుగా నా షాపు ముందు ఆగింది. డ్రైవరు సీట్లోంచి అమ్మగారు దిగారు.

"మీకు నడపడం ఎప్పుడు వచ్చమ్మా?"

"ఐదేళ్లు పక్క సీట్లో కూచుని ఆయన చేసే తప్పులన్నీ చూశా. అవి చెయ్యకపోతే కారు నడిచినట్టే కదయ్యా. బ్రేకులు చూడు."

"సారు రూలు ఉంది కదమ్మా..."

"ఆయన రూలు ఆయనతో పోయింది. నేను ఏ కోర్టులోనూ నిలబడక్కర్లేదు. నాకు తెలిస్తే నష్టం లేదు."

నాలుగు చక్రాలూ విప్పాను. పని చేస్తున్నంతసేపూ ఆవిడ స్టూలు మీద కూర్చుని ఉన్నారు. నేను ఒక్క మాట మాట్లాడలేదు. పక్క షాపువాళ్లు రెండు మూడు మాటలు విసిరారు గానీ ఒక్కదానికీ బదులివ్వలేదు. పని అయి చేతులు తుడుచుకుంటుంటే ఆవిడ అడిగారు.

"ఇన్నేళ్లూ ఆయనకి ఏం చెప్పాలని తిరిగావు? మజ్జిగ మోసీ మోసీ నా చేతులు పడిపోయాయి. నాకన్నా చెప్పు."

చెప్పాను. నోట్లో పిన్ను, పక్క షాపువాడి మాట, నా జవాబు, జనం నవ్వు, ఉతికిన చొక్కా. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. తొమ్మిదేళ్లు మోసిన సరుకు రెండు నిమిషాల్లో దిగిపోయేసరికి నాకే సిగ్గేసింది.

ఆవిడ ఊరడించలేదు. "ఇది ఆ డ్రైవరుకి తెలుసా?" అన్నారు.

"తెలియదమ్మా."

"మరి మా ఆయన చుట్టూ ఎందుకు తిరిగావు? ఆయన వింటే ఏమయ్యేది? నువ్వు తేలిగ్గా ఇంటికి పోయేవాడివి. జైలుకెళ్లింది ఆయనా?"

భర్తకన్నా పెద్ద ప్లీడరు ఇంట్లో కూచుని మజ్జిగ చిలికిందని నాకు ఆ నిమిషంలో తెలిసింది.

"బ్రేకు ట్రయలు చూడాలిగా? జంక్షన్ దాకా చూద్దాం, ఎక్కు" అన్నారు.

బెంజ్ సర్కిల్ దాటేదాకా ఏదో ఒక వంక చెబుదామని చూశాను. ఒక్కటీ రాలేదు. దారి పొడుగునా మనసులో ప్లీడరుగారినే తిట్టుకున్నాను. ఆయన చెవుల వెంట తిరగబట్టే కదా, నలభై కిలోమీటర్ల అవతల ఇంకో జత చెవులున్న సంగతి మర్చిపోయాను! కాసేపటికి అది కూడా అబద్ధమేనని తెలిసింది. మర్చిపోలేదు. ఆ చెవులు మూసుకోవని తెలుసు, అందుకే వెళ్లలేదు.

సాంబయ్య జంక్షన్ దగ్గర రోడ్డు పక్కన రేకుల పాక వేసుకుని ఉన్నాడు. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి, "ఏం మస్తానూ, ఇన్నాళ్లకి దారి తెలిసిందా?" అన్నాడు. అమ్మగారిని చూసి, "బోండాం కొట్టమంటారా అమ్మా?" అని కత్తి అందుకున్నాడు.

"ముందు ఇతను చెప్పేది విను నాయనా" అన్నారావిడ.

చెప్పాను. ఈసారి రెండు నిమిషాలకన్నా ఎక్కువే పట్టింది. సాంబయ్య చేతిలో బోండాం అట్టాగే ఉండిపోయింది. ఆ కత్తి వైపు చూడకుండా ఉండటానికి నేను లారీల వైపు చూస్తూ చెప్పాను.

"పిన్ను లేకపోతే ఎడమకి లాగుద్దా?" అన్నాడు.

"లాగుద్ది."

"ఖాయంగా?"

"ఖాయంగా లాగుద్ది. లేకపోతేనే అనుకో. పెట్టానో లేదో నాకు గుర్తు లేదు సాంబయ్యా. నేను కోర్టులో ఆ మాట చెప్పలేదు."

అతను నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. అతను కత్తి బల్ల మీద పెట్టాడు. బోండాం దాని పక్కన పెట్టాడు. పాకలోకి తిరిగి, "ఏమే! ఇట్రా!" అని కేకేశాడు. లోపల్నుంచి ఒకావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కొత్తవాళ్లని చూసి కొంగు సర్దుకుంది.

"అప్పుడు ఆ లారీకి బ్రేకు వేసింది ఇతనే" అన్నాడు సాంబయ్య. "మళ్లీ చెప్పు మస్తానూ. ఇదీ వింటది. ఎడమకి లాగుద్దన్నావే, అక్కడ ఇంకొంచెం గట్టిగా చెప్పు."

మొదట్నుంచీ మళ్లీ చెప్పాను.